దుబాయ్ నుంచి వచ్చినాయన

అతను దుబాయ్‌లో ఉన్నాడని సీతాఫల్‌మండిలోని ఆ సందులో అందరికీ తెలుసు. అతని కూతురికీ అదే తెలుసు. జైల్లో ఉన్నాడన్న సంగతి మాత్రం అతని భార్యకీ, మాకూ తప్ప ఎవరికీ తెలియదు.

మేమంటే పెద్ద సంఘమేమీ కాదు. రిటైరైన హెడ్మాస్టరుగారొకరు, ఆయన చుట్టూ నలుగురైదుగురం. జైలు నుంచి విడుదలైన వాళ్లకి గది చూడటం, పని వెతకటం, ఇంట్లోవాళ్లు గడప తొక్కనిస్తారో లేదో ముందే వెళ్లి కనుక్కోవటం మా పని. నేను శ్రీకాకుళం నుంచి పెళ్లయి వచ్చి, సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో గుమస్తాగా చేరాను. సెలవు రోజుల్లో ఈ పని చేసేదాన్ని. చుట్టాలిళ్లలో ఈ మాట ఎత్తితే చాలు, ఆడవాళ్ల చేతులు మెడలో గొలుసుల మీదకి పోయేవి. అవి అమీర్‌పేటలో నాలుగు నెలల కోర్సు చేసిన ప్రతివాడికీ కంప్యూటర్ ఉద్యోగం దొరుకుతున్న రోజులు. మా మరిదికీ దొరికింది. మీ కంపెనీలో ఆఫీసు బాయ్ పనైనా ఉంటే చూడమని అడిగితే, "మా దగ్గర ఫ్రెషర్స్‌నే తీసుకుంటారు వదినా, మీవాళ్లంతా ఎక్స్‌పీరియెన్స్ ఉన్నోళ్లు కదా" అన్నాడు. భోజనాల దగ్గర అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. వాడి పళ్లెంలో వడ్డిస్తున్న సాంబారు వాడి నెత్తిన పోయాలనిపించింది.

అతని కథ చిన్నదే. కల్లు కాంపౌండులో తాగిన మైకంలో, మాటా మాటా పెరిగి, స్నేహితుణ్ణి సీసాతో కొట్టాడు. స్నేహితుడు చచ్చిపోయాడు. యావజ్జీవం పడింది. అప్పటికి కూతురు చంకలో పిల్ల. భార్య పాత ఇల్లు ఖాళీ చేసి, పిల్లనెత్తుకుని, ఎవరూ తెలియని ఈ సందులో మేడమీది పోర్షన్‌లో దిగింది. చీరలకి ఫాల్ కుట్టి, పీకో చేసి పిల్లని ఇంగ్లీషు మీడియంలో చదివించింది. మీ ఆయనేడని అడిగిన మొదటి మనిషికి దుబాయ్‌లో ఉన్నాడని చెప్పింది. ఆ సందులో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నవాళ్లే కాబట్టి ఎవరూ మళ్లీ అడగలేదు.

సత్ప్రవర్తన కింద ఒక ఆగస్టు పదిహేనుకి అతన్ని వదిలేస్తున్నారని తెలిసి, నేను ఆవిడ దగ్గరికి వెళ్లాను. పీకో మిషన్ ఆపకుండానే మాట్లాడింది, కింద ఇంటి ఓనరమ్మకి వినబడకూడదని.

"రానిస్త అక్కా. గని దుబాయ్ నుంచే రావాలె."

"ఏటమ్మా, దుబాయ్ నుంచేటి?" అన్నాను.

"మా పోరికి వాళ్ల డాడీ దుబాయ్‌ల ఉన్నడని ఎరుక. క్లాసుల అందరికి చెప్పుకున్నది. జైలు నుంచి వస్తే ఈ మెట్లెక్కనియ్య. దుబాయ్ నుంచి వస్తే దండేసి తోలుకొస్త."

హెడ్మాస్టరుగారు పరీక్షల్లో పక్కవాడి పేపరు చూసినందుకు పిల్లల్ని ఎండలో నిలబెట్టిన మనిషి. ఈ మాట విని కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ముందు ఇంట్లో కాలు పెట్టనివ్వండి, తర్వాత సంగతి తర్వాత" అన్నారు. నేనైతే అదీ ఆలోచించలేదు. నాకు ఉషారొచ్చింది. రెజిమెంటల్ బజార్‌కి పోయి, అరబ్బీ అక్షరాలున్న అత్తరు సీసాలు, ఖర్జూరం పెట్టెలు, తలనొప్పి బామ్, పెద్ద పాలపొడి డబ్బా, పులిబొమ్మ బ్లాంకెట్, చక్రాల సూట్‌కేసు కొన్నాను. దుబాయ్ సామాను దుబాయ్‌లో కన్నా ఇక్కడే తేలిగ్గా దొరుకుతుంది. సూట్‌కేసుకి నైలాన్ తాడు అడ్డంగా నిలువుగా కట్టి, దాని మీద పేరు రాయించాం.

విడుదలయ్యాక నాలుగు రోజులు అతన్ని మా సంఘం గదిలో ఉంచాం. మెత్తటి మనిషి. మాట్లాడితే నేలకేసి చూసేవాడు. భార్య ములాఖత్‌కి వచ్చి ఈ దుబాయ్ మాట చెప్పినప్పటి నుంచీ, జైల్లో పక్క బ్యారక్‌లో ఉన్న ఒక గల్ఫ్ మేస్త్రీ దగ్గర దుబాయ్‌ని బట్టీ పట్టాడట. క్యాంపులో ఎంతమంది పడుకుంటారు, రొట్టె పేరేమిటి, శుక్రవారం ఎక్కడ కలుసుకుంటారు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. మేం ప్రశ్నలు వేసి పరీక్ష పెట్టాం. ఒక్కటీ తప్పలేదు.

బేగంపేట ఎయిర్‌పోర్టుకి భార్యా, కూతురూ వస్తే చాలనుకున్నాం. "ఇన్నేండ్లకు వస్తుండు, నేను రాకుంటే ఎట్ల?" అని ఓనరమ్మ కూడా ఆటో ఎక్కింది. అతన్ని ముందే తీసుకెళ్లి గల్ఫ్ ఫ్లైటు దిగిన గుంపులో ట్రాలీతో సహా కలిపేశాను. కూతురు దండ పట్టుకుని ప్రతి మొగాడి మొహంలోకీ చూస్తోంది. తండ్రి మొహం ఆ పిల్లకి పెళ్లి ఫోటోలో తప్ప తెలియదు. అతను వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పిల్ల దండ వేసి, కాళ్లకి దణ్ణం పెట్టబోయి, మధ్యలో ఆగి గట్టిగా పట్టేసుకుంది. నేను దూరంగా స్తంభం పక్కన నిలబడి బాహాటంగా ఏడ్చాను. ఎయిర్‌పోర్టులో ఏడ్చేవాళ్లని ఎవరూ పట్టించుకోరు.

ఓనరమ్మ మాత్రం అతన్ని కిందకీ మీదకీ చూసింది. "ఎండల పని చేసినోడు గింత తెల్లగెట్లున్నడే?"

జైల్లో నేత షెడ్డులో పనిచేసిన మనిషి, ఎండ తగలక పాలిపోయి ఉన్నాడు. భార్య తడుముకోలేదు. "ఏసీ డ్యూటీ పిన్నీ" అంది. ఓనరమ్మ చూపులో గౌరవం పెరిగింది.

తర్వాతి రోజులు ఆ ఇంట్లో పండగే. నన్ను కాలేజీలో పనిచేసే తెలిసిన అక్కగా పరిచయం చేశారు కాబట్టి నేనూ వెళ్తుండేదాన్ని. పిల్ల స్నేహితురాళ్లని వెంటేసుకొచ్చి, బుర్జులూ బిల్డింగులూ చెప్పించుకునేది. అతను చెప్పేవాడు. తెల్లవారకముందే లేచి పక్క చుట్టి గోడవారన పెట్టేవాడు. ఎవరైనా తలుపు తడితే గొంతుక్కూర్చుని చేతులు మోకాళ్ల మీద పెట్టేవాడు. బాత్రూముకి వెళ్లే ముందు, "పోవచ్చునా?" అని అడిగేవాడు.

"డాడీ, మీ కంపెనీల బాత్రూంకు సుత పర్మిషన్ అడగాల్నా?" అని పిల్ల నవ్వింది.

"కంపెనీ రూల్ బిడ్డా" అన్నాడు.

భార్య ఆ పూట అన్నం తినలేదు. కానీ అతను మాత్రం సంతోషంగా ఉన్నాడు. నేను అలా సంతోషంగా ఉన్నవాణ్ణి అంతకు ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. అబద్ధంతో మొదలుపెడితే ఇలాగే అవుతుందని ఇప్పుడు నాకెవరైనా నీతులు చెప్తే, అబద్ధం లేకపోతే అతనికి ఆ నాలుగు రోజులు కూడా దక్కేవి కావు, మీ నీతి మీ దగ్గరే ఉంచుకోండంటాను.

మేం అన్నీ ఆలోచించాం, ఒక్కటి తప్ప. అది బయటపడింది ఒక ఆదివారం. మధ్యాహ్నం మేడ మీద అందరం కూర్చుని ఉంటే, ఓనరమ్మ ఖర్జూరం నములుతూ మామూలుగా అడిగింది.

"ఛుట్టీ ఎన్ని దినాలు కొడకా?"

అతను బట్టీ పట్టింది బట్టీ పట్టినట్టే ఠక్కున చెప్పేశాడు. "రెండు నెల్లు."

జైల్లో ఆ మేస్త్రీ అలాగే నేర్పాడు. గల్ఫ్ వాళ్లకి సెలవు రెండు నెలలే. చెప్పాక అతని నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. భార్య నా వైపు చూసింది. దుబాయ్ నుంచి వచ్చిన మనిషి మళ్లీ దుబాయ్ పోవాలి. ఈ సందులో పసిపిల్లలకి కూడా తెలిసిన ఆ సంగతి, సూట్‌కేసు తాడు దగ్గర్నుంచి చూసుకున్న మాకెవ్వరికీ తట్టలేదు. "అయితె దీపావళికి ఉండవన్నట్టు" అని ఓనరమ్మ నిట్టూర్చింది.

మర్నాడు గదిలో కూర్చుని హెడ్మాస్టరుగారు ఉపాయం చెప్పారు. వీసా క్యాన్సిలైందని చెప్పి ఇక్కడే ఉండిపోతే సరి, బోలెడంతమంది అలా వస్తున్నారు కదా. నాకూ బాగుందనిపించింది. ఉండాలంటే పని కావాలి. మాదాపూర్ వైపు అద్దాల బిల్డింగులు లేస్తున్నాయి, ప్రతిదానికీ సెక్యూరిటీ వాళ్లు కావాలి. ఒక ఏజెన్సీతో మాట్లాడాను. యూనిఫాం కొలతలు కూడా తీసుకున్నారు. ఆఖర్న ఏజెన్సీ అతను, "పోలీస్ వెరిఫికేషన్ ఉంటది మేడం. కానిస్టేబుల్ ఇంటికొస్తడు, చుట్టుపక్కల నలుగురిని అడుగుతడు, అంతే" అన్నాడు.

అంతే. ఇంకో ఏజెన్సీ, ఇంకో కంపెనీ. పెట్రోల్ బంకులోనూ అదే మాట. ఊరంతా కొత్త ఉద్యోగాలు, ప్రతి ఉద్యోగం వెనకా ఒక కానిస్టేబులు. ఏ పనికి కుదిరినా కానిస్టేబులు ఆ సందులోకి వస్తాడు, మొట్టమొదట ఓనరమ్మ తలుపే కొడతాడు. పని లేకుండా ఇంట్లో కూర్చుంటే, దుబాయ్‌లో అన్నేళ్లు సంపాదించింది ఏమైందని సందు అడుగుతుంది. అప్పటికే అడగటం మొదలుపెట్టింది.

"చెప్పీయమ్మా ఉన్నది ఉన్నట్టు" అన్నాను భార్యతో. "ఆయన తప్పు చేశాడు, శిక్ష పడింది, అయిపోయింది. దొంగతనంగా వచ్చీలేదు కదా."

మిషన్ ఆపింది. నేను చూస్తుండగా ఆవిడ మిషన్ ఆపటం అదే మొదటిసారి.

"చెప్పొచ్చు అక్కా. రేపు పొద్దున ఇల్లు ఖాళీ చేయమంటరు. చేస్త. ఇంకో సందుల దిగుత. పోరి బడి మారుస్త. ఆన్నుంచి ఇంకో బడి. నేనొక్కదాన్ని ఇన్నేండ్లు చేసింది నువ్వు ఒక్క మాటతోని కూలగొడ్తనంటున్నవ్. నీకేం, నువ్వు ఇంటికి పోతవ్."

నేను ఇంటికి పోయాను. దారంతా ఆవిడని తిట్టుకుంటూనే పోయాను.

అతను మాత్రం కూతురికి చెప్పేద్దామనుకున్నాడు. ఒక్క కూతురికి. "నా బిడ్డ సమజ్ చేసుకుంటది మేడం, తెలివిగల్లది" అన్నాడు. చెప్పటానికి నేను పక్కనుండాలని పిలిచాడు. ముగ్గురం డాబా మీద కూర్చున్నాం. అతను గొంతు సవరించుకుంటుంటే, పిల్ల తన ధోరణిలో బడి కబుర్లు చెబుతోంది.

"మా క్లాసుల ఒకామె ఉన్నది డాడీ. వాళ్ల డాడీ జైల్ల ఉన్నడంట. మొన్న తెల్సింది. ఇగ ఎవ్వరం ఆమె పక్కన కూసుంటలేం. నేనైతే ఆమె ఇచ్చిన పెన్సిల్ సుత పడేసిన."

"ఎందుకు బిడ్డా? ఆమె ఏం చేసింది?"

"ఏం చెయ్యలే. గని గలీజ్ అనిపిస్తది కదా డాడీ."

పిల్ల నవ్వుతూ తండ్రి భుజానికి ఆనుకుంది. అతను దాని తల నిమిరాడు. చాలాసేపు నిమిరాడు. కిందికి దిగాక నాతో, "సూట్‌కేసు తాడు కొత్తది కొనాలె మేడం" అన్నాడు.

గల్ఫ్‌కి తిరిగిపోయే మనిషి ఒట్టి చేతులతో పోడు. అక్కడున్న తమవాళ్లకి ఇమ్మని వీధిలోవాళ్లు తలా ఒక పొట్లం తెచ్చిస్తారు. కాదనకూడదు. అది మర్యాద. సకినాలు, మామిడికాయ పచ్చడి, కారప్పొడి, పిల్లల ఫోటోలు, అన్నీ వచ్చి పడ్డాయి. ఓనరమ్మ తమ్ముడు షార్జాలో ఉన్నాడు, ఈమధ్యే అక్కడే కొడుకు పుట్టాడు. ఆవిడ మేనల్లుడి వేలికి చిన్న బంగారు ఉంగరం చేయించి, గుడ్డలో కట్టి అతని చొక్కా జేబులో తన చేత్తోనే పెట్టింది.

"మంది చేతుల పెట్టలేను, నువ్వు మనింటోనివి. వాడే శుక్రవారం వచ్చి నీ దగ్గర తీసుకుంటడు" అంది.

అతను నా వైపు చూశాడు. నేనేం చెయ్యను? ఆవిడ అతని నుదుట బొట్టు పెట్టింది. పిల్ల ఏడ్చింది. భార్య గడపలో నిలబడి కళ్లు తుడుచుకోకుండా చూసింది. ఎయిర్‌పోర్టుకి ఎవరూ రావద్దని, ఏడుపులు చూడలేనని అతనే బతిమాలాడు. నేను దింపి వస్తానన్నాను. ఆటో సందు మలుపు తిరిగాక, బేగంపేట వైపు కాకుండా బోయిన్‌పల్లి వైపు పోనిమ్మన్నాను.

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో హమాలీలకి వెరిఫికేషన్ అక్కర్లేదు. వీపు ఉంటే చాలు. హెడ్మాస్టరుగారికి తెలిసిన కమీషన్ వ్యాపారి ఒకాయన పనిలో పెట్టుకున్నాడు. అన్నీ తెలిసే పెట్టుకున్నాడు, కూలి తగ్గించి పెట్టుకున్నాడు. ఉల్లిగడ్డ లారీలు దింపటం, గోడౌన్లోనే పడుకోవటం. కూతురు చదివే బడికి బస్సులో పోతే అరగంట. పచ్చళ్లూ సకినాలూ మిగతా హమాలీలు తిన్నారు. అతను ముట్టలేదు.

ఉంగరం మాత్రం మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. నిజంగా దుబాయ్ పోయేవాళ్ల చేత పంపుదామని హెడ్మాస్టరుగారూ నేనూ ఎయిర్‌పోర్టుకి పోయి, లైన్లో నిలబడినవాళ్లని ఒక్కొక్కర్నీ అడిగాం. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇచ్చిన బంగారం ఎవడు పట్టుకుపోతాడు? ఒకడైతే సెక్యూరిటీని పిలుస్తానన్నాడు. కొరియర్ వాళ్లు నగలు తీసుకోబోమన్నారు. ఈలోగా శుక్రవారం వచ్చింది, పోయింది.

అతను ఆదివారాలు ఓనరమ్మ ఇంటి ఫోనుకి చేసి, భార్యనీ కూతుర్నీ పిలిపించుకుని మాట్లాడేవాడు. ఆ ఆదివారం నేనూ మార్కెట్‌కి వెళ్లాను, ఉంగరం సంగతి ఏం చెయ్యాలో చూద్దామని. మార్కెట్ బయట ఎస్టీడీ బూత్‌లో ఇద్దరం ఇరుక్కుని నిలబడి, అద్దం తలుపు గట్టిగా మూశాం. కూతురే ఎత్తింది. బూత్ ఇరుకు, దాని గొంతు నాకూ స్పష్టంగా వినబడుతోంది.

"డాడీ, ఆంటీ వాళ్ల తమ్మునికి ఉంగరం ఇయ్యలేదంట?"

"ఇస్త బిడ్డా. డ్యూటీ ఎక్కువైంది, జెర పరేషాన్ల ఉన్న."

"ఆయననే కారేసుకొని వస్తడంట. నీ క్యాంప్ ఏడ ఉన్నదో చెప్పమంటుండు. ఆంటీ ఈడనే కూసున్నది. చెప్పు, నేను రాసుకుంట."

అతను నా మొహంలోకి చూశాడు. జైల్లో నేర్చుకున్న దుబాయ్‌లో వీధుల పేర్లు ఉండే ఉంటాయి. కానీ ఏ పేరు చెప్పినా ఆ తమ్ముడు కారేసుకుని వెళ్లి అక్కడ అడుగుతాడు. అలాంటి మనిషెవడూ లేడని చెప్పి ఇక్కడికి ఫోన్ చేస్తాడు.

"డాడీ? వినవడ్తున్నదా? అడ్రస్ చెప్పు."

"ఉంగరం లేదు బిడ్డా."

"లేదంటే? పడిపోయిందా?"

పడిపోయిందని చెప్పు, అని నేను చేత్తో సైగ చేశాను. అతను తల అడ్డంగా ఊపాడు. పడిపోయిందంటే ఆ తమ్ముడు ఇంకా వస్తాడు, వెతకటానికి.

"అమ్మేసిన" అన్నాడు.

"అమ్మేసిండంట" అని అవతల పిల్ల అనటం వినబడింది. తర్వాత ఓనరమ్మ ఫోను లాక్కుంది. ఆవిడ తిట్టిన తిట్లు నేనిక్కడ రాయలేను. ఆవిడ అలసిపోయాక మళ్లీ పిల్ల గొంతు వచ్చింది, సన్నగా.

"నువ్వు దొంగవా డాడీ?"

"ఔ బిడ్డా" అన్నాడు.

ఫోన్ పెట్టేసింది. అతను రిసీవర్ తగిలించి, చొక్కా జేబులోంచి గుడ్డ తీసి విప్పి చూసుకున్నాడు. ఉంగరం అందులోనే ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. "ఇలాగ ఇయ్యి, ఇప్పుడే పట్టుకెళ్లి ఆవిడ మొహాన కొట్టీసి వస్తాను" అన్నాను.

"ఏడిదని చెప్తరు మేడం?" అన్నాడు నెమ్మదిగా. నేను చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అప్పుడు అతను నవ్వాడు, నిజంగానే నవ్వాడు. "దొంగనే అన్నది మేడం. గంతే అన్నది."

బయట ఎవరో లారీ వచ్చిందని కేకేస్తే గోనెసంచి నెత్తిన వేసుకుని పోయాడు.

ఉంగరాన్ని తర్వాత హెడ్మాస్టరుగారు, దుబాయ్ నుంచి వచ్చినవాడెవడో తెచ్చిచ్చినట్టు ఓనరమ్మకి చేర్పించారు. పోలీసు కేసుకి భయపడి కొత్తది కొని పంపాడని సందు తేల్చేసింది. భార్యని ఎవరూ ఖాళీ చేయమనలేదు. పాపం దొంగ మొగుడితో వేగుతోందని ఓనరమ్మ జాలిపడి, పీకోకి చీరలు ఇంకాసిన్ని ఎక్కువ ఇప్పించింది. అతను ప్రతి ఆదివారం ఫోన్ చేస్తూనే ఉన్నాడు. భార్య వచ్చి, పైసలు ముట్టాయని చెప్పి పెట్టేసేది. పిల్లని పిలవమని ఎన్నిసార్లు అడిగినా, కిందికి రానంటోందని చెప్పేది.